లంక మీది కోట: లిమరిక్ ముట్టడులు ఎక్కడ తేలాయి?

క్లుప్తంగా: ఐర్లండ్‌కు పడమటి వైపున, షానన్ నది మీద ఉన్న లిమరిక్ నగరం 17వ శతాబ్దంలో నాలుగు ముట్టడులు చూసింది. 1642లో ముట్టడి కోటకే పరిమితం. 1651లో, 1691లో నగరం లొంగిపోయింది. 1690లో మాత్రం ఒక రాజు స్వయంగా దండెత్తి వచ్చినా నిలబడింది. గోడలు అన్నిసార్లూ దాదాపు అవే. మారిందల్లా నది అవతలి ఒడ్డు ఎవరి చేతిలో ఉందన్నది, పెద్ద ఫిరంగులు ఎప్పుడు, ఏ దారిన వచ్చాయన్నది.

గందరగోళం ఎక్కడ?

లిమరిక్ ముట్టడి గురించి చదివేవారికి మొదట ఎదురయ్యే చిక్కు, ఏ ముట్టడి గురించి చెబుతున్నారో తెలియకపోవడం. 1690, 1691 ముట్టడులు రెండూ ఒకే యుద్ధంలోవి. సింహాసనం పోగొట్టుకున్న కాథలిక్ రాజు రెండో జేమ్స్‌కూ, దాన్ని దక్కించుకున్న మూడో విలియంకూ మధ్య జరిగిన యుద్ధం అది. రెండింటిలోనూ నగరం తరఫున, జేమ్స్ పక్షపు ఐరిష్ సేనాని పాట్రిక్ సార్స్‌ఫీల్డ్ పేరు వినిపిస్తుంది. దాంతో మొదటి ముట్టడిలోని విజయం, రెండో ముట్టడి చివర కుదిరిన ఒడంబడిక ఒకే కథలో కలిసిపోతుంటాయి.

రెండో చిక్కు తేదీలది. ఆనాటి బ్రిటన్, ఐర్లండ్ పాత జూలియన్ పంచాంగాన్ని పాటించేవి. యూరప్‌లో చాలా దేశాలు అప్పటికే 10 రోజులు ముందుండే గ్రెగోరియన్ పంచాంగానికి మారాయి. ఒకే సంఘటనకు ఫ్రెంచి లెక్కలో ఒక తేదీ, ఇంగ్లిషు లెక్కలో మరో తేదీ కనిపిస్తే కంగారు పడనక్కర్లేదు. ఈ వ్యాసంలో 17వ శతాబ్దపు తేదీలన్నీ పాత పంచాంగం ప్రకారమే.

నది, పాయ, లంక

లిమరిక్ దగ్గర షానన్ నుంచి ఆబీ నది అనే పాయ చీలి, కొంత దూరం పోయి మళ్లీ దాన్లోనే కలుస్తుంది. మధ్యలో మిగిలిన లంకే కింగ్స్ ఐలాండ్. సముద్రపు పోటు ఇక్కడి దాకా తన్నుతుంది. స్కాండినేవియా నుంచి ఓడల్లో దండెత్తి వచ్చిన వైకింగులు 922లో స్థావరం వేసుకున్నది ఈ లంక మీదే. పడవలు నేరుగా వచ్చి ఆగవచ్చు, మెట్ట మీది శత్రువు నీళ్లు దాటకుండా రాలేడు. అయినా 967లో సుల్‌కోయిట్ దగ్గర మాగావన్, బ్రయన్ బోరు అనే అన్నదమ్ములు వైకింగులను ఓడించి, పట్టణాన్ని దోచుకున్నారు. తరవాత ఇంగ్లండ్ నుంచి వచ్చిన నార్మన్లు 13వ శతాబ్దపు మొదటి ఏళ్లలో లంక పడమటి అంచున, షానన్ వంతెనకు కాపుగా, రాతి కోట కట్టారు. దాని పేరు కింగ్ జాన్స్ కోట.

17వ శతాబ్దానికి నగరం రెండు ముక్కలు. లంక మీద ఇంగ్లిష్ టౌన్. ఆబీ పాయకు దక్షిణాన, మెట్ట మీద ఐరిష్ టౌన్. రెంటినీ కలిపేది బాల్స్ బ్రిడ్జ్ అనే చిన్న వంతెన. లంక నుంచి పడమరకు, షానన్ అవతలి క్లేర్ జిల్లాకు పోవడానికి థోమండ్ వంతెన ఒక్కటే దారి.

ఈ పటాన్ని మనసులో ఉంచుకుంటే మిగతాదంతా తేలిగ్గా అర్థమవుతుంది. దక్షిణం నుంచి వచ్చే సైన్యానికి మొదట తగిలేది ఐరిష్ టౌన్ గోడ. దాన్ని చుట్టుముట్టినంత మాత్రాన నగరం దిగ్బంధం అయినట్టు కాదు. థోమండ్ వంతెన తెరిచి ఉన్నంతకాలం క్లేర్ నుంచి ధాన్యం, పశువులు, కొత్త మనుషులు వస్తూనే ఉంటారు. ఆ దారి మూయాలంటే ముట్టడించే సైన్యం సగాన్ని నది దాటించాలి. దాటిస్తే సైన్యం రెండుగా చీలుతుంది, ఒక సగం మీద దాడి జరిగితే రెండో సగం వెంటనే సాయానికి రాలేదు. ప్రతి సేనానికీ లిమరిక్ వేసిన ప్రశ్న ఇదే.

1642: నేల కింద జరిగిన యుద్ధం

ఇంగ్లిషు పాలన మీద ఐరిష్ కాథలిక్కులు లేవదీసిన 1641 తిరుగుబాటు తరవాత వాళ్ల దళాలు నగరంలోకి వచ్చాయి. ప్రొటెస్టెంట్ వలస కుటుంబాలు, ఒక చిన్న దళం కింగ్ జాన్స్ కోటలో తలదాచుకున్నాయి. బయటివారి దగ్గర గోడను కూల్చేంత ఫిరంగులు లేవు. అందుకే తవ్వకం మొదలుపెట్టారు.

పద్ధతి పాతదే. గోడ పునాది కిందికి సొరంగం తవ్వుకుంటూ పోతారు. తవ్వినకొద్దీ పైనున్న బరువు కూలకుండా కలప నిట్రాళ్లు, అడ్డదూలాలు పెడతారు. పునాది కింద తగినంత ఖాళీ ఏర్పడ్డాక కంపా కట్టెలూ నింపి నిప్పు పెడతారు. నిట్రాళ్లు కాలగానే పైన గోడ కుంగి పగులుతుంది. లోపలివారికి విరుగుడు ఎదురు సొరంగం: తవ్వే చప్పుడును బట్టి దిక్కు పసిగట్టి, తామూ తవ్వుకుంటూ పోయి దారిలోనే అడ్డుకోవాలి. ఆ చీకట్లో కుమ్ములాట జరిగేది మోకాళ్ల మీదే. మే నెలలో మొదలైన ముట్టడి జూన్ 23న కోట లొంగుబాటుతో ముగిసింది. కోట లోపల జరిపిన పురావస్తు తవ్వకాల్లో ఆ సొరంగాలూ, ఎదురు సొరంగాలూ, వాటికి పెట్టిన కలపా బయటపడ్డాయి. రాతి గోడ బలం దాని కింది మట్టి ఎంత నిలిస్తే అంతేనని వాటిని చూస్తే తెలుస్తుంది.

1651: ఆకలి, జ్వరం, లోపలి చీలిక

ఇంగ్లండ్ పార్లమెంటు సైన్యంతో వచ్చినవాడు హెన్రీ ఐర్టన్, ఆ పార్లమెంటు పక్షపు పెద్ద సేనాని ఆలివర్ క్రామ్‌వెల్ అల్లుడు. దగ్గర సుమారు 8 వేల మంది, 28 ముట్టడి ఫిరంగులు. నగరంలో దాదాపు 2 వేల సైన్యం, దాని నాయకుడు హ్యూ డవ్ ఓనీల్. ఏడాది ముందు క్లాన్‌మెల్‌లో క్రామ్‌వెల్ సైన్యాన్ని గండి లోపలికి రానిచ్చి చిత్తుగా కొట్టింది ఇతనే. ఇతని ఎదుట గండిలోకి దూకడం ఎంత ప్రమాదమో ఐర్టన్‌కు తెలుసు.

ఐర్టన్ సరైన చోట మొదలుపెట్టాడు. జూన్ ఆరంభంలోనే షానన్ దాటి క్లేర్ ఒడ్డున కాలు మోపాడు. ఆ తరవాతే తొందరపడ్డాడు. పడవల్లో లంక మీదికి మనుషులను దించబోతే ఆ దాడి విఫలమైంది. దాంతో దారి మార్చి, రెండు ఒడ్డులా చిన్న చిన్న కోటలు కట్టి, ఆకలి పని చేసేదాకా కూర్చున్నాడు. బయటి నుంచి సాయంగా వస్తున్న మస్కెరీ ప్రభువు సైన్యాన్ని జులైలో నాక్‌నక్లాషీ దగ్గర బ్రాగిల్ ప్రభువు ఓడించాడు. బయటి ఆశ అక్కడితో పోయింది.

దిగ్బంధంలో లెక్కంతా నోళ్లది. తిండి తగ్గుతుంటే పోరాడలేని వాళ్లను బయటికి పంపేయాలని ఓనీల్ చూశాడు. వాళ్లు లోపల ఉంటేనే నిల్వలు త్వరగా అయిపోతాయి కాబట్టి ఐర్టన్ వాళ్లను తిరిగి గోడల్లోకి తరిమించాడు, కొందరిని చంపించాడు. రెండు సైన్యాల మధ్య ఇరుక్కున్నది ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు. ఈ ముట్టడిలో అన్నిటికన్నా ఘోరమైన ఘట్టం ఇదే. దాన్ని సైనిక తర్కంగా మాత్రమే రాసి వదిలేయడం సరికాదు.

ప్లేగు మాత్రం గోడకు ఇవతలా అవతలా తేడా చూడలేదు. నగరంలో 5 వేల మంది దాకా, ఐర్టన్ శిబిరంలో 2 వేలకు పైగా సైనికులు పోయారని అంచనా. అక్టోబర్‌లో ఐర్టన్ ఫిరంగులు వెనక మట్టి దన్ను లేని గోడ భాగాన్ని వెతికి పట్టుకున్నాయి. మట్టి దన్ను ఉన్న గోడలో గుండు దిగబడి ఆగిపోతుంది. ఉత్త రాతి గోడ దెబ్బ దెబ్బకూ అదిరి విడిపోతుంది. గండి పడింది. అదే సమయంలో దళంలో ఒక వర్గం కర్నల్ ఎడ్వర్డ్ ఫెన్నెల్ నాయకత్వంలో తిరగబడి, గేటును పట్టుకుని, ఫిరంగులను లోపలి వైపుకు తిప్పింది. అక్టోబర్ 27న నగరం లొంగిపోయింది. బిషప్ టెరెన్స్ ఆల్బర్ట్ ఓబ్రయన్‌ను ఉరితీశారు. ఓనీల్‌కు మరణశిక్ష తప్పి, లండన్ టవర్‌లో చెర దక్కింది. గెలిచిన ఐర్టన్ నెల తిరక్కుండానే, నవంబర్ 26న, అదే నగరంలో జ్వరంతో చనిపోయాడు.

పెద్ద ఫిరంగి అంటే ఎంత బరువు?

1690 కథ అర్థం కావాలంటే ముందు ఫిరంగుల బండ్ల వరస గురించి తెలియాలి. గోడ కూల్చే పనికి వాడే 24 పౌన్ల ఫిరంగి గుండు ఒక్కోటి దాదాపు 11 కిలోలు. గొట్టం ఒక్కటే రెండు టన్నులు దాటుతుంది. ఒక్కో కాల్పుకు గుండు బరువులో సగానికి దగ్గరగా తుపాకి మందు పట్టేది. గండి పడాలంటే ఒకే చోట, గోడ కింది భాగంలో వరసగా గుండ్లు పడాలి. ముందు అడ్డంగా కోత, తరవాత నిలువు కోతలు. అప్పుడు పైభాగం ముందుకు జారి, ఆ రాళ్లగుట్టే కందకాన్ని పూడ్చి సైనికులకు మెట్లవుతుంది. ఈ పనికి వందల గుండ్లు, టన్నుల మందు కావాలి. ఇవన్నీ ఎడ్లతో, గుర్రాలతో లాగించాలి. అప్పటి మట్టి దారిలో ఈ వరస కాలినడక సైన్యానికి ఎప్పుడూ రోజుల కొద్దీ వెనకపడే వస్తుంది. రాజు ముందు చేరతాడు, ఆయన ఫిరంగులు తరవాత వస్తాయి. ఆ మధ్య వ్యవధే ముట్టడికి బలహీన క్షణం.

1690: బాలినీటిలో పేలిన మందు

జులై 1న బోయిన్ నది దగ్గర ఓడిపోగానే జేమ్స్ ఫ్రాన్స్‌కు పారిపోయాడు. ఆయన సైన్యం లిమరిక్ చేరింది. జేమ్స్‌కు సాయంగా వచ్చిన ఫ్రెంచి సేనాని లోజన్ ఈ గోడలను చూసి, వేయించిన ఆపిల్ పళ్లతో కొట్టినా పడిపోతాయన్నాడని ప్రతీతి. తన దళంతో గాల్వేకు వెళ్లిపోయాడు. నగర బాధ్యత తీసుకున్నది మరో ఫ్రెంచివాడు, బ్వాస్‌లో. అతను పాత గోడను నమ్ముకోలేదు. బయట ఉన్న ఇళ్లు పడగొట్టించాడు, దక్షిణాన మట్టి కట్టలు పోయించాడు, శత్రువు నక్కడానికి చాటు లేకుండా చేశాడు.

ఆగస్టు 9న విలియం సుమారు 25 వేల మందితో వచ్చాడు. పెద్ద ఫిరంగులు, మందు, బాంబులు ఇంకా కాషెల్ దారిలో వెనక ఉన్నాయి. ఈ కబురు సార్స్‌ఫీల్డ్‌కు చేరింది. అతను సుమారు 600 మంది రౌతులతో క్లేర్ ఒడ్డున ఉత్తరానికి వెళ్లి, కిల్లలూ దగ్గర నది దాటి, సిల్వర్‌మైన్స్ కొండల చాటున చుట్టు తిరిగి వచ్చాడు. దారి చూపింది ఆ కొండల్లో పుట్టి పెరిగిన హోగన్ అనే దళనాయకుడు. ఒక స్థానిక భూస్వామి ముందే విలియం శిబిరానికి కబురు అందించాడు కూడా. అక్కడ దాన్ని వెంటనే పట్టించుకోలేదు. సర్ జాన్ లానియర్ 500 మంది రౌతులతో బయలుదేరేసరికి ఆలస్యమైపోయింది. ఆగస్టు 11 రాత్రి బాలినీటి పాత కోట పక్కన, నగరానికి 25 కిలోమీటర్ల దూరంలో, బండ్ల వరస విడిది చేసింది. సొంత సైన్యం అంత దగ్గర్లో ఉందిలే అని కాపలా పలచగా పెట్టారు. సార్స్‌ఫీల్డ్ మనుషులు కాపలాను నరికి, ఫిరంగుల్లో మూతి దాకా మందు కూరి, మూతులను నేలలో గుచ్చి, బండ్లూ పీపాలూ చుట్టూ పేర్చి నిప్పు పెట్టారు. ఆ చప్పుడు లిమరిక్ దాకా వినిపించిందంటారు.

నష్టాన్ని అతిగా చెప్పే అలవాటు ఉంది. ఫిరంగుల్లో ఎక్కువ భాగం మళ్లీ పనికొచ్చాయి. పోయింది మందు, బాంబులు, బండ్లు, అన్నిటికన్నా రోజులు. వాటర్‌ఫర్డ్ నుంచి కొత్త సరుకు తెప్పించి, కందకాల తవ్వకం మొదలుపెట్టేసరికి ఆగస్టు 17. సెయింట్ జాన్స్ గేటు దగ్గర గోడలో గండి దాడికి సిద్ధమయ్యేసరికి 27.

ఆ మధ్యాహ్నం 500 మంది గ్రెనేడియర్లు, అంటే చేతి బాంబులు విసిరే సైనికులు, కందకాల్లోంచి లేచారు. వాళ్లకిచ్చిన ఆజ్ఞ బయటి కట్టను పట్టుకోవడం వరకే. పారిపోతున్న వాళ్లను తరుముతూ గండిలోకే దూరిపోయారు. వెనకాల రావలసిన దళాలు ఆజ్ఞ ప్రకారం కట్ట దగ్గరే ఆగాయి. గండి లోపల బ్వాస్‌లో ముందుగానే రెండో అడ్డుకట్ట కట్టించి, ఫిరంగులు గండి మీదికి గురిపెట్టి ఉంచాడు. లోపలికి వచ్చినవాళ్లు మూడు వైపుల తుపాకుల మధ్య పడ్డారు. నగరంలోని ఆడవాళ్లు రాళ్లు, సీసాలు విసురుతూ పోరులో దిగారని శత్రుపక్షమే రాసింది. బ్లాక్ బ్యాటరీ అనే బురుజు ఎక్కిన, విలియం పక్షాన ఉన్న జర్మన్ బ్రాండెన్‌బర్గ్ దళం కింద మందు పేలి చాలామంది ఎగిరిపోయారు. మూడు గంటలకు పైగా పోరు సాగింది. విలియం పక్షంలో చచ్చినవాళ్లు, గాయపడ్డవాళ్లు కలిసి 2 వేలకు పైనే. రెండు మూడు రోజుల్లో ముట్టడి ఎత్తేశారు.

ఎందుకు ఎత్తేశారన్నది ఇప్పటికీ వాదమే. వానలు, బురద, ఫిరంగులు ఇరుక్కుపోతాయన్న భయం కారణమని విలియం పక్షం చెప్పింది. ఆ రోజుల్లో చినుకైనా పడలేదని జేమ్స్ కొడుకు, బెర్విక్ డ్యూక్, తరవాత రాసుకున్నాడు. ఇద్దరూ తమ తమ పరువు కోసం మాట్లాడుతున్నవాళ్లే. అసలు కారణం మందు నిల్వల లెక్కలో ఉందనుకోవడం సమంజసం. అంతకన్నా మూలమైన లోపం మరొకటి: విలియం నది దాటనే లేదు. మూడు వారాల పాటు థోమండ్ వంతెన తెరిచే ఉంది, జేమ్స్ పక్షపు గుర్రపు దళం క్లేర్‌లో స్వేచ్ఛగా తిరిగింది. సార్స్‌ఫీల్డ్ బాలినీటికి వెళ్లగలిగింది ఆ తెరిచిన ఒడ్డు వల్లనే.

1691: గింకెల్ చేసిన తేడా

మరుసటి ఏడు విలియం సేనాని గింకెల్ జూన్ చివర ఆత్లోన్‌ను పట్టాడు. జులై 12న ఆక్రిమ్ దగ్గర జేమ్స్ పక్షాన్ని తుడిచిపెట్టాడు. ఫ్రెంచి సేనాని సెయింట్ రూత్‌కు ఫిరంగి గుండు తగిలి ప్రాణం పోయాక ఆ సైన్యం చెదిరిపోయింది. ఆగస్టు 25న గింకెల్ లిమరిక్ ముందు నిలిచేనాటికి రాజప్రతినిధి టిర్కానెల్ కూడా పది రోజుల కిందట చనిపోయాడు.

ఈసారి పెద్ద ఫిరంగులు బురద దారిన రాలేదు. ఇంగ్లిషు ఓడలు షానన్‌లోకి వచ్చి సరుకు దించాయి. మరో బాలినీటికి అవకాశమే లేకుండా పోయింది. గింకెల్ దక్షిణపు గోడను వదిలి, ఆబీ పాయ మీదుగా ఇంగ్లిష్ టౌన్‌ను కొట్టాడు. వెడల్పాటి గండి పడినా, దానిముందు నీళ్లున్నాయి. 1690లో పోయిన ప్రాణాలు గుర్తున్న గింకెల్ దాడికి దిగలేదు.

సెప్టెంబర్ 15 రాత్రి నగరానికి ఎగువన పడవల వంతెన కట్టించాడు. ఆ ఒడ్డుకు కాపలా బాధ్యత బ్రిగేడియర్ క్లిఫర్డ్‌ది. తెల్లవారేసరికి శత్రువు క్లేర్ ఒడ్డున ఉన్నాడు. ఆ పొరపాటు నిర్లక్ష్యమో, ద్రోహమో అప్పటి నుంచీ వాదిస్తూనే ఉన్నారు. 22న గింకెల్ పెద్ద దళంతో దాటి థోమండ్ వంతెన మీదికి వచ్చాడు. వంతెన అవతల ఉన్న ఐరిష్ సైనికులు నగరంలోకి వెనక్కి పరుగెత్తారు. వాళ్ల వెనకే శత్రువు లోపలికి దూరుతాడని భయపడి, కాపలాలో ఉన్న ఫ్రెంచి అధికారి ఎత్తుడు వంతెనను లేపేశాడు. ముందు ఖాళీ, కింద షానన్, వెనక కత్తులు. వందల మంది అక్కడే నరకబడ్డారు, మునిగిపోయారు. ఆ అధికారి చేసింది పుస్తకం ప్రకారం సరే కావచ్చు. లోపలున్న ఐరిష్ వాళ్లకు ఫ్రెంచివాళ్ల మీద మిగిలిన కాస్త నమ్మకమూ ఆ కీచుమన్న గొలుసులతో పోయింది.

క్లేర్ దారి మూతపడింది, గుర్రపు దళం నగరం నుంచి వేరైపోయింది. రెండు రోజుల్లో కాల్పులు ఆగాయి.

ఒడంబడిక: ఉన్న మాటా, పోయిన మాటా

ఓడిపోతున్న వాళ్లకు గింకెల్ అంత మెత్తని షరతులు ఎందుకిచ్చాడన్నది సహజమైన ప్రశ్న. అతనికీ సమయం లేదు. శరదృతువు ముదురుతోంది, ఫ్రెంచి ఓడలు వస్తున్నాయన్న కబురు ఉంది, విలియంకు ఈ సైన్యం యూరప్ యుద్ధానికి కావాలి. అక్టోబర్ 3న సంతకాలయ్యాయి. కొన్ని వారాలకే ఫ్రెంచి నౌకాదళం షానన్ ముఖద్వారానికి వచ్చింది. అయినా సార్స్‌ఫీల్డ్ సంతకం చేసిన మాట తప్పలేదు.

ఒడంబడిక రెండు భాగాలు. సైనిక భాగంలో 29 అంశాలు. ఫ్రాన్స్ వెళ్లదలచిన సైనికులు వెళ్లవచ్చు, అందుకు 200 టన్నుల ఓడలు 50, చాలకపోతే మరో 20 గింకెల్ ఏర్పాటు చేయాలి. ఈ భాగం చాలావరకు అమలైంది. పదివేలకు మించి సైనికులు దేశం వదిలారు, చాలామంది భార్యాబిడ్డలు రేవుల్లోనే మిగిలిపోయారు. వీళ్లనే తరవాత అడవి బాతులు అన్నారు. సార్స్‌ఫీల్డ్ 1693లో లాండెన్ యుద్ధంలో ఫ్రాన్స్ తరఫున పోరాడుతూ గాయపడి చనిపోయాడు.

పౌర భాగంలో 13 అంశాలు. కాథలిక్కులకు రెండో చార్లెస్ కాలంలో ఉన్న మత స్వేచ్ఛ, లొంగిపోయిన జిల్లాల్లోని వాళ్లకు వాళ్ల భూములు. రెండో అంశంలో, సైనికులతో పాటు ఆయా జిల్లాల్లో వాళ్ల రక్షణలో ఉన్నవాళ్లందరికీ ఇది వర్తిస్తుందన్న మాట చిత్తుప్రతిలో ఉంది, శుద్ధప్రతిలో పోయింది. విలియం దాన్ని మళ్లీ చేర్చి ఆమోదించాడు. 1697లో ఐర్లండ్ పార్లమెంటు ఒడంబడికను ధ్రువీకరించినప్పుడు ఆ మాటనూ, మత స్వేచ్ఛ అంశాన్నీ వదిలేసింది. అప్పటికే 1695 చట్టాలు కాథలిక్కులు ఆయుధం పెట్టుకోకూడదన్నాయి, 5 పౌన్ల కన్నా ఖరీదైన గుర్రం ఉంచుకోకూడదన్నాయి. సంతకం రాయిగా చెప్పే సున్నపురాతి దిమ్మ ఇప్పుడు థోమండ్ వంతెనకు క్లేర్ వైపున, 1865లో ఎక్కించిన పీఠం మీద ఉంది.

1922: మళ్లీ వంతెనలే

గోడలను 1760 నుంచి పడగొట్టారు. అయినా పటం మారలేదు. ఐరిష్ అంతర్యుద్ధం మొదట్లో నగరాన్ని రెండు పక్షాలూ పంచుకుని కూర్చున్నాయి. బ్రిటన్‌తో కుదిరిన 1921 ఒప్పందాన్ని వ్యతిరేకించే లియమ్ లించ్ మనుషుల చేతిలో స్ట్రాండ్ బ్యారక్స్, కింగ్ జాన్స్ కోట సహా నాలుగు సైనిక బ్యారక్‌లు ఉన్నాయి. ప్రభుత్వ పక్షపు మైకేల్ బ్రెన్నన్‌కు ముఖ్యమైనది ఆత్లంకర్డ్ వంతెన: తన బలగం, సరఫరా అంతా క్లేర్ నుంచే రావాలి. ఆయుధాలు వచ్చేదాకా కాలం గడపడానికి తాత్కాలిక సంధి పనికొచ్చింది. జులై 11న కాల్పులు మొదలయ్యాయి. వీధుల్లో వారం దాటినా ఏ పక్షమూ తేల్చలేకపోయింది. 19న ఒక 18 పౌన్ల ఫిరంగి నగరానికి చేరింది. మరునాడు షానన్ ఇవతలి నుంచి అవతల ఒడ్డున ఉన్న స్ట్రాండ్ బ్యారక్స్ గోడకు గండి కొట్టారు. లోపలివారు ఆ రోజే లొంగిపోయారు. 21 నాటికి మిగతావాళ్లు తమ బ్యారక్‌లకు నిప్పు పెట్టి, కిల్‌మాలక్ వైపు దక్షిణానికి వెళ్లిపోయారు.